కాక కారు, కనపడని పొగ, ఎనభై ఏండ్ల ముచ్చట

మళ్ళీ ఒక పెద్ద పోస్టు. ఆదివారం సెలవు. బట్టలు, వంట అయిపోయినంక కూర్చొని రాసిన. ఓపిక ఉన్నోళ్ళు ఇప్పుడే చదవండి, లేనోళ్ళు రాత్రికి దాచుకోండి.

పోయిన నెల మా రూము కాక కారు పాసింగ్‌లో ఫెయిలైంది. కాక అంటే నాకు చుట్టం కాదు. జగిత్యాల దిక్కు మనిషి, గల్ఫుకు వచ్చి 26 ఏండ్లు. రూములో అందరికన్న పెద్దోడు కాబట్టి అందరికీ కాక. ఏసీ మెకానిక్. ఆయన దగ్గర 2004 మోడల్ జపాన్ కారు ఉన్నది. డిక్కీ నిండ గ్యాస్ సిలిండర్లు, గేజీలు, పానాలు. సొంత బండి ఉన్న మెకానిక్ అనే కంపెనీ ఆయనను పెట్టుకున్నది. బండి ఆగితే పని ఆగినట్టే.

తెలియనోళ్ళ కోసం రెండు మాటలు. ఇక్కడ ప్రతి బండికి ముల్కియా అనే రిజిస్ట్రేషన్ కార్డు ఉంటది. ఏడాదికోసారి రెన్యువల్ చేయించాలె. దుబాయిలో కొత్త ప్రైవేటు కార్లకు మొదటి మూడేండ్లు టెస్టు లేదు, ఆ తర్వాత ఏటా టెస్టు. దాన్నే మనోళ్ళు పాసింగ్ అంటరు. పాస్ కాకుంటే ముల్కియా లేదు. గడువు దాటిన ముల్కియాతో దొరికితే 500 దిర్హాముల ఫైను, 4 బ్లాక్ పాయింట్లు. బండి సీజ్ కూడా కావొచ్చు.

టెస్టింగ్ లేన్‌లో బ్రేకులు రోలర్ల మీద చూస్తరు, లైట్లు చూస్తరు, కింద గుంతలోంచి అడుగు భాగం చూస్తరు. ఇంజన్ నడుస్తుండగా సైలెన్సర్ పైపులో ఒక సన్న గొట్టం పెడ్తరు. ఆ గొట్టం ఒక పెట్టెకు, ఆ పెట్టె కంప్యూటర్‌కు. నిమిషంల కాగితం వస్తది. కాక కాగితం మీద అన్నీ బాగున్నయి. పొగ దగ్గర మాత్రం ఫెయిల్.

కాక రూముకు వచ్చి కాగితం మంచం మీద పడేసిండు. "నా కారు పొగ పెడ్తదారా? ఏడున్నది పొగ, కండ్లకు చూపెట్టమను. ఆయిల్ టైముకు మారుస్త, ఒక్క చుక్క తాగదు. రోగం నా బండికి కాదు, గా మిషన్‌కు."

నాకూ అట్లనే అనిపించింది. మనిషి ఫెయిల్ చేస్తే ఎందుకని అడగొచ్చు, బతిమాలొచ్చు. కంప్యూటర్‌ను ఏమడుగుతం? కానీ "కండ్లకు చూపెట్టు" అన్న మాట నన్ను పట్టుకున్నది. అసలు ఈ పైపులో గొట్టం పెట్టుడు ఎవరు మొదలుపెట్టిండ్రు, ఎందుకు మొదలుపెట్టిండ్రు? పది రాత్రులు ఫోన్‌లో చదివిన. అది ఇది కలిపి రాస్తున్న. చివర్ల నా సొంత తప్పు కూడా ఒకటి చెప్పాలె. అది చెప్పకుంటే ఈ పోస్టు అబద్ధమైతది.

కథ అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో మొదలైతది. 1943 జూలైలో ఒకరోజు ఊరి మీద మబ్బులాంటి మసక దిగింది. కండ్లు మండినయి, గొంతులు పట్టుకున్నయి, మూడు వీధుల అవతల ఏమున్నదో కనపడలేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. జపానోళ్ళు విషవాయువు వదిలిండ్రేమో అని జనం భయపడ్డరు. కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీ మీద అనుమానం పోయింది. దాన్ని ఆపినా మసక ఆగలేదు.

అసలు దొంగను పట్టుకున్నది ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. డచ్ దేశస్థుడు, కాల్‌టెక్‌లో ప్రొఫెసర్. ఆయన అప్పటిదాకా చేస్తున్న పని అనాసపండుకు ఆ వాసన ఎక్కడి నుంచి వస్తదో కనుక్కోవడం. పండు వాసన పట్టే పద్ధతితోనే ఊరి గాలిని పట్టి చూసిండు. 1950ల మొదట్లో తేల్చింది ఏమంటే, కార్ల నుంచీ రిఫైనరీల నుంచీ వచ్చే కాలని పెట్రోలు ఆవిరి, ఇంజన్ వేడికి పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా, కండ్లు మండించే మసకగా మారుతున్నయి. అంటే ఆ మసక ఏ ఒక్క పైపు నుంచీ మసకగా బయటికి రాలేదు. పైపు నుంచి వచ్చినప్పుడు కంటికి కనపడదు. తర్వాత ఎండ దాన్ని వండుతది.

కాక అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉన్నది. నల్లపొగ అంటే డీజిల్ లారీ గుర్తొస్తది, నీలం పొగ అంటే ఆయిల్ తాగే ఇంజన్. పెట్రోలు కారు చేసే అసలు నష్టానికి రంగు లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అందుకే కన్ను పనికిరాదు, మిషన్ కావాలె. ఇంకో మాట. ఆ రసాయనానికి కావలసింది ఎండ. ఎండ గురించి దుబాయిలో ఉన్నోనికి చెప్పాల్నా?

కార్ల కంపెనీలు ఈ మాట ఒప్పుకోవడానికి ఏండ్లు పట్టింది. 1966 మోడళ్ల నుంచి కాలిఫోర్నియా పైపు పొగకు హద్దు పెట్టింది. ఆ హద్దులు చూడటానికి 1967లో పెట్టిన ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకు మొదటి అధ్యక్షుడు మన అనాసపండు ప్రొఫెసరే. 1970లో అమెరికా మొత్తానికి క్లీన్ ఎయిర్ చట్టం గట్టిపడ్డది. ఐదారేండ్లలో పొగ 90 శాతం తగ్గాలె అన్నది దాని లెక్క. అప్పుడు అందరి చూపూ పడ్డది ఒక డబ్బా మీద. దాని పేరు కేటలిటిక్ కన్వర్టర్. మన గరాజ్ భాషలో "క్యాట్" లేకపోతే "జాలీ".

ఆ డబ్బా లోపల తేనెపట్టు లాంటి పింగాణీ జాలీ. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పలచటి పూత. వేడి పొగ ఆ రంధ్రాల నుంచి పోతుంటే కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డైఆక్సైడ్ అయితది, కాలని పెట్రోలు నీళ్ళు, కార్బన్ డైఆక్సైడ్ అయితది. యూజీన్ హూడ్రీ అనే ఫ్రెంచ్ ఇంజనీరు 1950లలోనే దీనికి పేటెంటు తీసుకున్నడు. మరి ఇరవై ఏండ్లు ఎందుకు ఆగింది? పెట్రోలులో సీసం ఉన్నది కాబట్టి. సీసం ఆ పూత మీద పేరుకుంటే జాలీ చచ్చిపోతది.

ఈ సీసం కథ మనలాంటి పనోళ్ళు తెలుసుకోవాల్సింది. 1921 డిసెంబరులో జనరల్ మోటర్స్‌లో పనిచేసే థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసం కలిపితే ఇంజన్ టకటక కొట్టుకోదని కనుక్కున్నడు. 1923లో అమ్మకాలు మొదలైనయి. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ సీసం మందు తయారుచేసే కార్మికులకు మతి చెదిరింది. లేనివి ఉన్నట్టు కనపడ్డయి. ఐదుగురు చనిపోయిండ్రు. అయినా సీసం పెట్రోలు ఆగలేదు. కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టి ఇంకో యాభై ఏండ్లు లోకమంతా అమ్మిండ్రు. గాలిలో ఏమున్నదో మొదట తెలిసేది ఎప్పుడైనా పనోని ఒంటికే. కాగితం మీదికి ఎక్కేది తర్వాత.

1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లకు కన్వర్టర్ వచ్చింది, దాంతోపాటు సీసం లేని పెట్రోలు వచ్చింది. 1976లో వోల్వో కంపెనీ కాలిఫోర్నియా కోసం కొత్త కారు చూపించింది. అందులో ఆక్సిజన్ సెన్సార్ పెట్టిండ్రు. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో అది చూసి కంప్యూటర్‌కు చెప్తది, కంప్యూటర్ పెట్రోలు కొలత సరిచేస్తది. దాంతో మూడు విషాలు ఒకే డబ్బాలో తగ్గుడు మొదలైంది. ఈనాడు మనం నడిపే పెట్రోలు కార్లన్నీ ఆ ఇంటి పిల్లలే.

మరి మన ఎడారిలో? దుబాయి క్రీక్ మీద మొదటి వంతెన, అల్ మక్తూమ్ బ్రిడ్జి, 1963లో కట్టిండ్రు. 1966 దాకా దుబాయిలో బండ్లు మన ఇండియా లెక్క ఎడమ దిక్కు నడిచేటివి. అబుదాబి సముద్రంలో నూనె 1958లో పడ్డది, 1962లో మొదటి ఓడ కదిలింది. అంటే ఇక్కడి కార్ల చరిత్ర అంతా అరవై ఏండ్ల ముచ్చట. ఆ అరవైలో సగానికి పైగా సీసం పెట్రోలుతోనే నడిచింది. యూఏఈలో సీసం పెట్రోలు ఆగింది 2003 జనవరిలో. ఇండియాలో 2000 ఫిబ్రవరిలో. లోకంలో అందరికన్న చివర ఆపింది అల్జీరియా, 2021లో.

ఈ తారీఖు ఎందుకు ముఖ్యమంటే, సీసం పెట్రోలు అమ్మే దేశానికి కన్వర్టర్ ఉన్న కారు పంపితే కొన్ని ట్యాంకులకే ఆ డబ్బా చస్తది. అందుకే ఆ కాలంలో గల్ఫ్ కోసం చేసిన చాలా బండ్లు కన్వర్టర్ లేకుండనే వచ్చినయి. అదే వీధిలో అమెరికా నుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ బండికి మాత్రం ఉండేది. పాత మెకానిక్‌లకు "ఈ డబ్బా అవసరం లేని వస్తువు, ఇది లేకుండనే బండి నడుస్తది" అనే నమ్మకం అట్ల పుట్టింది. నాకు పని నేర్పిన ఉస్తాద్‌కూ అదే నమ్మకం. ఆ ముచ్చటకు తర్వాత వస్త.

ఇప్పుడు టెస్టు దగ్గరికి. కొత్త కారుకు హద్దు పెడితే సరిపోదు, పదేండ్లు నడిచినంక అది ఎట్లున్నదో చూడాలె. కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ అనే టెస్టు 1984లో మొదలైంది. మొదట్లో మెకానిక్ చేతిలో చాలా ఉండేది. తెలిసినోని బండి పాస్, తెలియనోనిది ఫెయిల్. ఒక బండి కాగితం కోసం ఇంకో మంచి బండి పైపులో గొట్టం పెట్టేటోళ్ళు. అందుకే 1990లో కంప్యూటర్ మిషన్లు తెచ్చిండ్రు. పాస్, ఫెయిల్ చెప్పుడు మనిషి చేతి నుంచి పోయి మిషన్ చేతికి వచ్చింది. అంటే కంప్యూటర్ వచ్చింది మనలాంటోళ్ళ మీద కోపంతో కాదు. సిఫారసును, లంచాన్ని పక్కకు పెట్టడానికి వచ్చింది. ఈ మాట చదివినంక నా కోపం సగం దిగింది. ఎందుకంటే సిఫారసు లేని మనిషికి మిషనే నయం. అది నీ పాస్‌పోర్ట్ రంగు చూడదు, నీ చెప్పులు చూడదు.

ఆ పెట్టె లోపల ఏం జరుగుతదో సులువుగా చెప్త. పైపు నుంచి పీల్చిన గాలిలోంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపుతరు. ఒక్కో వాయువు తనకు నచ్చిన ఒక్కో రకం కాంతిని మింగుతది. ఎంత మింగిందో చూసి కార్బన్ మోనాక్సైడ్ ఎంత, కాలని పెట్రోలు ఎంత, కార్బన్ డైఆక్సైడ్ ఎంత అని లెక్క కడ్తరు. ఆక్సిజన్‌కు వేరే సెల్ ఉంటది. మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ పోతున్నది, లేకపోతే కన్వర్టర్ పనిచేస్తలేదు. కాలని పెట్రోలు ఎక్కువుంటే ప్లగ్గో, కాయిలో సరిగ్గా మండిస్తలేదు. ఆక్సిజన్ ఎక్కువుంటే సైలెన్సర్‌కు ఎక్కడో బొక్క ఉన్నది, బయటి గాలి కలుస్తున్నది. చదవడం వస్తే ఆ కాగితం మన రక్తపరీక్ష రిపోర్టు లాంటిది. రోగం పేరు చెప్పదు గని ఎక్కడ వెతకాల్నో చెప్తది.

పాత బండ్లోళ్ళకు బాధ వచ్చేది ఇక్కడ్నే. కాగితం చేతికిస్తరు, చదివి చెప్పేటోడు ఉండడు. "ఫెయిల్" అన్న ఒక్క మాటే మనకు అర్థమైతది. గరాజ్‌కు పోతే ఆ గరాజోడు కూడా అంకెలు చూడడు. ప్లగ్గులు మార్చు, ఫిల్టర్ మార్చు, ఆయిల్ మార్చు అంటడు. కాకకు అదే అయింది. మూడు వందల దిర్హాములు పెట్టి అవన్నీ మార్పించి రెండోసారి పోయిండు. లైన్‌లో గంటసేపు. ఎండ, ఇంజన్ ఆపి ఆపి స్టార్ట్ చేసుడు. మళ్ళీ ఫెయిల్.

ఈ లైన్‌లో నిలబడే సంగతి చాలామందికి తెల్వదు. కన్వర్టర్ పనిచేయాలంటే దాదాపు 250 నుంచి 300 డిగ్రీలు వేడెక్కాలె. చల్లగున్నప్పుడు అది ఉత్త డబ్బానే. బయట 45 డిగ్రీల ఎండ ఉంటే మనకు వేడి, దానికి కాదు. ఇంజన్ ఆపి అరగంట నిలబెట్టి నేరుగా గొట్టం పెట్టిస్తే మంచి కారు కూడా చెడ్డ అంకెలు చూపెట్టొచ్చు. కాబట్టి పాసింగ్‌కు పోయేముందు పదిహేను ఇరవై నిమిషాలు పెద్ద రోడ్డు మీద నడిపి నేరుగా పోండి. జనం తక్కువుండే టైం చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి, ఇక్కడి ఇసుకకు అది తొందరగా నిండుతది. సైలెన్సర్‌కు బొక్కలు లేకుండా చూడండి. ఇవి మోసాలు కావు, బండిని దాని మంచి స్థితిలో చూపించుడు.

కాక బండి మాత్రం దీంతో ఆగేది కాదని నాకు అనుమానం వచ్చింది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసిన. ప్లగ్గులు మార్చినంక కాలని పెట్రోలు అంకె కొంచెం తగ్గింది. మోనాక్సైడ్ అంకె కదలలేదు. "కాకా, ఇన్నేండ్లు ఎట్ల పాసైంది ఇది?" అని అడిగిన.

"నేనెప్పుడు పోయిన్రా? గరాజ్‌ల ఒక పిలగాడుండె. ఏటా రెండు వందలిస్తే బండి తీసుకపోయి పాస్ చేయించుకొస్తుండె. ఆడు పోయిన ఏడు ఖరారు ముగించుకొని ఊరికి పోయిండు. ఈసారే నేను సొంతంగ పోయిన."

నాకు గుండెల్ల రాయి పడ్డట్టైంది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలె.

నేను 2010లో వచ్చిన. మొదటి రెండేండ్లు షార్జా సనయ్యలో ఒక గరాజ్‌లో హెల్పర్. ఆ గరాజ్ పేరు అనవసరం, ఇప్పుడది లేదు కూడా. మా ఉస్తాద్ మంచి పనోడు, నాకు అన్నం పెట్టినోడు. బండి రిపేరుకు వస్తే ఓనర్‌తో "ఈ డబ్బా తీసేస్తే గాలి ఆడ్తది, పికప్ పెరుగుతది" అని చెప్పేటోడు. కొందరు సరే అనేటోళ్ళు. కొందరికి చెప్పకుండనే తీసేది. కోసేది నేను. డబ్బా పొట్ట చీల్చి జాలీ తీసి, ఖాళీ డబ్బాను మళ్ళీ వెల్డింగ్ పెట్టి అతికించేది. బయటి నుంచి చూస్తే ఏమీ తెల్వదు. ఆ జాలీని స్క్రాప్ కొనేటోడు తూకం వేసుకొని పోయేటోడు. ప్లాటినం, పల్లాడియం, రోడియం బంగారం లెక్కనే ఖరీదైనవని నాకు అప్పుడు తెల్వదు. ఉస్తాద్ నాకు డబ్బాకు ఇరవై దిర్హాములిచ్చేటోడు. ఆ ఇరవైతో ఇంటికి ఫోన్ కార్డు కొనేది. పాసింగ్ టైం వస్తే అదే బండికి ఇంకో మంచి కన్వర్టర్ కిరాయికి బిగించి, పాస్ అయినంక విప్పేది. అది కూడా నా చేతులతోనే.

ఆదివారం పొద్దున కాక బండిని జాకీ మీద లేపి కిందికి దూరిన. రబ్బరు సుత్తితో డబ్బా మీద కొట్టిన. జాలీ ఉన్న డబ్బా నిండు కుండ లెక్క మోత ఇస్తది. ఇది ఖాళీ నూనె డబ్బా లెక్క మోగింది. పొట్ట మీద రెండో వెల్డింగ్ గీత, వంకరటింకరగా, ఎవడో నేర్చుకునే పిలగాడు పెట్టినట్టు. నేను పెట్టేది కూడా అట్లనే ఉండేది. కింద పడుకొని ఆ గీతనే చూసుకుంట చానాసేపు ఉన్న. ఇది నా చేతిది కాదు, కాక బండి దుబాయిలో కొన్నది. కానీ నా లాంటోని చెయ్యే. కాక పదేండ్లు ఆ ఖాళీ డబ్బా కోసం ఏటా రెండు వందల కిరాయి కట్టిండు, తనకు తెల్వకుండనే.

అంటే మిషన్ అబద్ధం చెప్పలేదు. ఇన్నేండ్లు పాస్ అని వచ్చిన కాగితాలే అబద్ధం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మోసమంటే సనయ్య గరాజే గుర్తొస్తది అందరికీ. అందరికన్న పెద్ద మోసం సూటు బూటు వేసుకున్నోళ్ళది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ ఒప్పుకున్నది: తమ డీజిల్ కార్ల కంప్యూటర్‌లో ఒక రహస్య ప్రోగ్రాం పెట్టినమని. బండి టెస్టులో ఉన్నదా, రోడ్డు మీద ఉన్నదా అని అది కనిపెడ్తది. టెస్టులో ఉంటే పొగ శుభ్రం, రోడ్డెక్కినంక నైట్రోజన్ ఆక్సైడ్లు అమెరికా హద్దుకు 40 రెట్ల దాకా. లోకమంతా కలిపి దాదాపు 1 కోటి 10 లక్షల కార్లు. దీన్ని మొదట పసిగట్టింది వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ టీం. డాన్ కార్డర్ అనే ఇంజనీరు పెద్ద, అందులో మన ఇండియా పిల్లలు కూడా ఉన్నరు. కొలిచే పెట్టెను డిక్కీలో పెట్టుకొని లాస్ ఏంజిలిస్ నుంచి సియాటిల్ దాకా నడిపి చూసిండ్రు. సనయ్యలో మేము ఒక్కో డబ్బా కోసినం, అక్కడ ఒక ప్రోగ్రాంతో కోటి డబ్బాలు కోసిండ్రు. రెండూ ఒకే పని. తేడా ఏమంటే వాళ్ళకు అది తెలిసి చేసిన పని. నాకు అప్పుడు తెల్వదు. ఇప్పుడు తెలుసు కాబట్టి ఇక ఆ సాకు లేదు.

మన ఊళ్ళల్ల కథ మీకు తెలిసిందే. రోడ్డు పక్కన వ్యాన్, పొల్యూషన్ సర్టిఫికెట్. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115వ నంబరు రూల్ దానికి ఆధారం. ఆ రూల్‌లో పాత బండ్లోళ్ళకు పనికొచ్చే న్యాయం ఒకటున్నది. భారత్ స్టేజ్ రాకముందు పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3 శాతం, బీఎస్-4 కారుకు 0.3 శాతం. అంటే ముసలి బండిని పడుచు బండి కొలతతో కొట్టరు. ఎవరి పుట్టిన తారీఖుకు వాళ్ళ హద్దు. కానీ బండి లేకుండనే, గొట్టం పెట్టకుండనే సర్టిఫికెట్ చేతిల పడే జాగలు ఎన్నో మనందరికీ ఎరుకే. యాభై రూపాయలు మిగిలిందని సంబరపడ్డం. దాని ఫలితం ఏమైందో ఢిల్లీని చూడండి.

టెస్టు మీద ఎవరికీ నమ్మకం లేకపోయేసరికి అక్కడ క్యాలెండర్ దిగింది. 10 ఏండ్లు దాటిన డీజిల్ బండి, 15 ఏండ్లు దాటిన పెట్రోలు బండి నడవొద్దని గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాటన్నది. 2025 జూలై 1 నుంచి అట్లాంటి బండ్లకు బంకుల్లో పెట్రోలే పోయొద్దని ఆదేశం వచ్చింది. జనం గోల పెడితే కొద్ది రోజులకే వెనక్కి తగ్గిండ్రు. క్యాలెండర్‌కు నీ బండి మంచిదా చెడ్డదా అక్కర లేదు. నెలనెలా చూసుకున్న బండీ, చూసుకోని బండీ దానికి ఒక్కటే. మిషన్ కనీసం నీ బండి పైపులోకి తొంగి చూస్తది. నీ కష్టానికి ఒక అంకె వేస్తది. అందుకే అంటున్న, పాత బండి పెట్టుకున్న పేదోనికి నిజాయితీ ఉన్న మిషనే దోస్తు. ఆ మిషన్‌ను మనం మోసం చేసినకొద్ది క్యాలెండర్‌ను మనమే పిలుచుకుంటున్నం.

అట్లని తప్పంతా మనదే అంటలేను. కాలిఫోర్నియాలో ఈ టెస్టు ఫెయిలైన తక్కువ ఆదాయం ఓనర్లకు రిపేరు ఖర్చులో సర్కారు సాయం చేస్తది. బండి వదిలేస్తనంటే దానికీ డబ్బులిస్తది. 1975, అంతకు ముందు మోడళ్లకు అక్కడ అసలు టెస్టే లేదు. ఇక్కడ 30 ఏండ్లు దాటిన కారుకు క్లాసిక్ ప్లేటు ఉంటది, అట్లాంటి కార్లు ఏసీ షెడ్లలో ఉంటయి. ఇరవై ఏండ్ల కారుకు ఏ గౌరవం లేదు, ఎందుకంటే దాన్ని పనికోసం నడుపుతం. ఫెయిల్ అని చెప్పేచోటనే ఈ అంకె ఎందుకు వచ్చింది, ముందు ఏం చూడాలె అని హిందీలోనో, ఉర్దూలోనో, మలయాళంలోనో, తెలుగులోనో నాలుగు లైన్లు ఇస్తే కాక మూడు వందలు ఉత్తగ పోయేటివి కావు. టెస్టు కష్టం కాదు, అర్థం కాని టెస్టు కష్టం.

సరే, కాక సంగతి. ఆయనకు రెండు దారులూ చెప్పిన. కిరాయి కన్వర్టర్ అయితే రెండు వందలు, రేపే పాస్. కొత్తది, మామూలు కంపెనీది, ఆక్సిజన్ సెన్సార్‌తో కలిపి పదకొండు వందలు. కాక దగ్గర ఉన్నది దసరాకు ఊరికి పోవడానికి దాచిన టికెట్ పైసలు. బిడ్డ కాన్పుకు ఉన్నది, అందుకే పోదామనుకున్నడు.

కాక చానాసేపు మాట్లాడలే. ఛాయ్ తాగిండు. తర్వాత లెక్క కట్టిండు. "తొమ్మిదిసార్లు పంపిన. తొమ్మిది రెండ్లు పద్దెనిమిది. అంటే దొంగ డబ్బాకే పద్దెనిమిది వందలు కట్టిన. అసలు డబ్బా పదకొండు వందలు. నన్నేనారా ఇన్నేండ్లు పాస్ చేసింది?"

కొత్తదే వేయించిండు. బిగించింది నేనే, కూలి తీసుకోలే. పొద్దున ఆరింటికి లేచి ఎమిరేట్స్ రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిపి, గేట్లు తెరిచే టైంకు పోయినం. లేన్‌లో గొట్టం పెట్టే పిలగాడు నేపాలీ. మాస్కు గదుమ కిందికి జారింది. రోజూ వందల బండ్ల పైపుల పక్కన నిలబడేటోడు ఆడు. మా బండి పైపు దగ్గర వంగినప్పుడు నేను వాని మొహం చూడలేకపోయిన.

పాస్ అయింది. మోనాక్సైడ్ అంకె పోయినసారి దాంట్లో పదోవంతు కూడా లేదు. కాక ఆ కాగితం మడతపెట్టి ముల్కియాతో పాటు పర్సుల పెట్టుకున్నడు. టికెట్ సంక్రాంతికి జరిగింది. మనుమరాలు దసరా తెల్లారి పుట్టింది. కాక వీడియో కాల్‌లో చూసిండు. ఆ రోజు రూములో అందరికీ ఆయనే బిర్యానీ చేసిండు. ఉప్పు కొంచెం ఎక్కువైంది, ఎవ్వరం అనలేదు.

సెకండ్‌హ్యాండ్ బండి కొనేటోళ్ళకు నా మాట ఒక్కటే. ఏసీ చల్లగున్నదా అని చూసే ముందు కిందికి వంగి ఆ డబ్బా మీద ఒకసారి కొట్టి వినండి. పాసింగ్‌కు బండిని ఎవ్వరికీ ఇచ్చి పంపకండి, సొంతంగ పోండి. ఫెయిల్ కాగితం వస్తే చింపేయకండి. అంకెలు అర్థం కాకుంటే నాకు ఫోటో పెట్టండి, నాకు తెలిసినంత చదివి చెప్త. పైసలు వద్దు. ఆ ఇరవై దిర్హాముల బాకీ నాకు ఇంకా చానా ఉన్నది.